పొడవు బల్లను బియ్యం బస్తాల వెనక నుంచి తీయండి

ఇద్దరు ఆడపిల్లల సంగతి చెబుతాను. లెక్క తేలికగా అర్థం కావడానికి కల్పించుకున్న పిల్లలే గానీ, ఇలాంటి వాళ్లు మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో చాలామందే ఉన్నారు. ఇద్దరికీ రెండేళ్లు నిండాయి. ఇద్దరి బరువూ 9.4 కిలోలే. ఒకమ్మాయిది గజపతినగరం దగ్గర పల్లె, ఇంకో అమ్మాయిది మందస దగ్గర పల్లె అనుకోండి. ఇద్దరినీ వాళ్ల ఊరి అంగన్‌వాడీ కేంద్రంలో త్రాసు ఎక్కించి, వయసుకు తగ్గ బరువుందా లేదా అని పట్టికలో చూశారు. రెండేళ్ల ఆడపిల్లకు ఆ పట్టికలో కింది హద్దు 9 కిలోలు. ఇద్దరూ హద్దు దాటే ఉన్నారు గనుక ఇద్దరికీ లోటు లేదని చెప్పే ఆకుపచ్చ రంగే పడింది. టీచరు పేరు పక్కన టిక్కు పెట్టుకున్నారు, తల్లులు కోడిగుడ్లు తీసుకుని ఇళ్లకు వెళ్లిపోయారు.

ఇప్పుడు ఇద్దరినీ నిలబెట్టి ఎత్తు చూడండి. మొదటి అమ్మాయి 77 సెంటీమీటర్లు, రెండో అమ్మాయి 87. రెండేళ్ల ఆడపిల్ల సగటున 85.7 సెంటీమీటర్లు ఉంటుంది, 79.3 కంటే తగ్గితే గిడసబారినట్టు లెక్క. అంటే మొదటి అమ్మాయి ఎదుగుదల ఎన్నో నెలల కిందటే మందగించింది. ఆ పొట్టి ఒంటికి 9.4 కిలోలు సరిపోయాయి గనుక, ఎత్తుకు తగ్గ బరువుందా అని చూసినా ఆమె లోటు బయటపడదు. రెండో అమ్మాయి ఎత్తుకు కొదవ లేదు. కానీ ఆ ఎత్తుకు 9.4 కిలోలు ఏ మూలకూ చాలవు. ఆ పిల్ల చిక్కిపోతోంది, అదీ ఈ మధ్యనే. జ్వరమో, విరేచనాలో, తల్లి వలస పనికి వెళ్లడమో, ఏదో జరిగింది. ఈ అమ్మాయిని ఈ వారమే చూడాలి. మొదటి అమ్మాయి ఇంట్లో, ఊళ్లో ఏం జరుగుతోందో కూర్చుని అడగాలి. బరువు ఒక్కటే చూసినవారికి ఈ ఇద్దరూ ఒకటే.

అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకంలో సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరైన దాన్ని నేను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నన్ను విసిగించినది తిండి కొరత కంటే ఈ పొడవు కొలవని అలవాటు. 2018లో కేంద్ర ప్రభుత్వ పోషకాహార పథకం పోషణ్ అభియాన్ మొదలయ్యాక కేంద్రాలకు త్రాసులతో పాటు, చిన్నపిల్లలను పడుకోబెట్టి పొడవు చూసే బల్ల, పెద్దపిల్లలను నిలబెట్టి ఎత్తు చూసే స్టాండు ఇచ్చారు. త్రాసు ఎప్పుడూ గది మధ్యలోనే ఉంటుంది. బల్ల మాత్రం చాలాచోట్ల బియ్యం బస్తాల వెనక కనబడేది. ఒక కేంద్రంలో దాని మీద పప్పు డబ్బాలు వరసగా పేర్చి పెట్టారు. ఆయా ఎంత ముచ్చటగా సర్దిందంటే, దించమని చెప్పడానికి నాకే మొహమాటం వేసింది.

ఈ బరువు మోజు కొత్తది కాదు. 1956లో మెక్సికో వైద్యుడు గోమెజ్ పిల్లల పోషకాహార లోపాన్ని వయసుకు తగ్గ బరువును బట్టి మూడు మెట్లుగా విడగొట్టాడు. 1972లో మన దేశపు పిల్లల వైద్యుల సంఘం కూడా అదే దారిలో నాలుగు గ్రేడులు పెట్టింది. మా తరం టీచర్లు ఇప్పటికీ 'గ్రేడ్ త్రీ పిల్లాడు' అనేస్తుంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే వాటర్లో అనే బ్రిటిష్ వైద్యుడు, ఎండిపోవడం వేరు, ఎదగకపోవడం వేరు, ఈ రెండింటినీ కలిపి ఒకే బరువు లెక్కలో చూస్తే రెండూ కనబడవని తేల్చి చెప్పాడు. యాభై ఏళ్లు దాటాయి. ఆయన మాట పుస్తకాల్లోకి వచ్చింది, టీచర్లు కొలతలు ఎక్కించే ఫోను యాప్‌లోకి కూడా వచ్చింది. బస్తాల వెనక ఉన్న బల్ల దాకా మాత్రం రాలేదు.

గిడసబారడం కంటికి కనబడదు. అన్నిటికంటే పెద్ద చిక్కు ఇదే. పక్కటెముకలు తేలిన బిడ్డను ఎవరైనా గుర్తుపడతారు, దారిన పోయేవారు కూడా 'అయ్యో' అంటారు. రెండేళ్ల బిడ్డ ఏడాదిన్నర బిడ్డలా ఉంటే మాత్రం చూసినవారు 'ముద్దుగా ఉంది' అని బుగ్గ గిల్లి పోతారు. పక్కింటి పిల్లా అంతే, ఎదురింటి పిల్లా అంతే. ఊళ్లో పిల్లలందరూ పొట్టిగా ఉంటే ఏ బిడ్డా పొట్టిగా కనబడదు. 2019-21 మధ్య జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్లలోపు పిల్లల్లో ఎత్తుకు తగ్గ బరువు లేనివారు నూటికి 16.1 మంది, వయసుకు తగ్గ ఎత్తు లేనివారు 31.2 మంది. అంటే కంటికి కనబడని లోటు కనబడే లోటుకు దాదాపు రెట్టింపు. మనం మాత్రం కనబడేదాని చుట్టూనే తిరుగుతున్నాం.

పొడవు మాట ఎత్తగానే ఇంటి పెద్దల దగ్గర సిద్ధంగా ఉండే జవాబు ఒకటుంది. శృంగవరపుకోట వైపు ఒక ఇంట్లో మనవడిని ఒళ్లో పెట్టుకుని ఒక పెద్దావిడ నాతో అంది: "మా ఇంట్లో అందరం పొట్టివాళ్లమేనమ్మా. వీడి తాత నా భుజం దాకానే ఉండేవాడు. బంగారంలాంటి మనిషి. పొట్టిగా ఉంటే వచ్చిన నష్టం ఏముంది?" ఆవిడను తప్పుపట్టను. పెద్ద చదువులు చదివినవారు కూడా ఇదే మాట కాస్త గంభీరంగా అంటారు. తెల్లవాళ్ల పట్టికతో మన పిల్లలను కొలిస్తే అందరూ పొట్టివాళ్లుగానే తేలతారు, మన జాతి ఒడ్డూ పొడుగూ వేరు అంటారు.

ఆ పట్టిక తెల్లవాళ్లది కాదు. 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన ఎదుగుదల ప్రమాణాలకు ఆధారం 1997 నుంచి 2003 దాకా ఆరు దేశాల్లో జరిగిన అధ్యయనం: బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా. మన దేశం నుంచి దక్షిణ ఢిల్లీ పిల్లలను తీసుకున్నారు. తల్లిపాలు తాగిన, పొగతాగని తల్లులకు పుట్టిన, తిండికీ వైద్యానికీ లోటు లేని ఇళ్ల పిల్లలనే ఎంచుకున్నారు. మొత్తం సుమారు 8,500 మంది. ఆ పిల్లల పొడవుల్లో కనిపించిన తేడాలో దేశానికీ దేశానికీ మధ్య ఉన్నది దాదాపు మూడు శాతమే. ఒకే ఊరి పిల్లల్లో ఒకరికీ ఇంకొకరికీ మధ్య ఉన్న తేడా డెబ్భై శాతం. కడుపు నిండా తిని, తరచూ జబ్బు పడకుండా ఉంటే ఢిల్లీ బిడ్డా ఓస్లో బిడ్డా అయిదేళ్ల దాకా దాదాపు ఒకే గీత మీద పెరుగుతారు. తల్లిదండ్రుల ఎత్తు బిడ్డకు కొంత వస్తుంది, కాదనను. కానీ ఆ తాత పొట్టిగా ఉండటానికి ఆయన చిన్నతనంలో తిన్న గంజి కారణం కాదని ఎవరు చెప్పగలరు? ఒక తరం ఆకలి ఇంకో తరానికి వంశలక్షణంలా కనిపిస్తుంది. పదిహేడేళ్లకు పెళ్లయి, పద్దెనిమిదేళ్లకు తల్లయిన పొట్టి అమ్మాయికి రెండు కిలోల బిడ్డ పుడితే అందులో జాతి ఎంత, తిండి ఎంత అని తేల్చడం కష్టం. తిండి సంగతి మనం మార్చగలం, జాతి సంగతి మార్చలేం. కాబట్టి నేను తిండి వైపే నిలబడతాను.

ఇక కొలిచే పద్ధతి. రెండేళ్లలోపు బిడ్డను పడుకోబెట్టి పొడవు చూడాలి, రెండేళ్లు దాటితే నిలబెట్టి ఎత్తు చూడాలి. పడుకోబెట్టి చూసిన కొలత నిలబెట్టి చూసిన దానికంటే 0.7 సెంటీమీటరు ఎక్కువ వస్తుంది, అందుకే రెంటినీ కలగాపులగం చేయకూడదు. పడుకోబెట్టడానికి ఇద్దరు మనుషులు తప్పనిసరి. ఒకరు తల వైపు మోకాళ్ల మీద కూర్చుని, బిడ్డ చెవులు మూసుకుపోకుండా రెండు చేతులతో తలను పట్టుకుని, మాడు బల్ల తల పలకకు గట్టిగా ఆనేలా చూడాలి. చూపు నేరుగా పైకి ఉండాలి. రెండోవారు ఎడమ చేత్తో మోకాళ్లను మెల్లగా నొక్కి కాళ్లు చాపించి, కుడి చేత్తో పాదాల పలకను జరిపి అరికాళ్లకు ఆనించాలి. వేళ్లు పైకి ఉండాలి, పాదం నిటారుగా ఉండాలి. ఆ క్షణంలో బిడ్డ కచ్చితంగా ఏడుస్తుంది. ఏడుపు చూసి తల్లి గాభరాపడుతుంది. అందుకే తల్లిని బిడ్డకు ముఖం కనబడేలా పక్కనే కూర్చోబెట్టాలి, దూరంగా నిలబెట్టకూడదు. నెత్తి మీద పిలక ఉంటే విప్పాలి. ఆ పిలక విప్పడానికి ఒప్పించడమే నా అనుభవంలో అన్నిటికంటే కష్టం. పొద్దున్నే నూనె రాసి, రబ్బరు బ్యాండు పెట్టి, పువ్వు గుచ్చి తెచ్చిన తల్లికి అది చిన్న విషయం కాదు మరి. కానీ ఆ పిలక ఒక సెంటీమీటరు. ఏడాది దాటిన బిడ్డ నెల రోజుల్లో పెరిగేది కూడా ఆ సెంటీమీటరే.

అసలు తంటా అంతా ఈ సెంటీమీటరు దగ్గరే ఉంది. పుట్టినప్పుడు యాభై సెంటీమీటర్లుండే బిడ్డ మొదటి ఏడాదిలో పాతిక, రెండో ఏడాదిలో పన్నెండు సెంటీమీటర్లు పెరుగుతుంది. ఆ తర్వాత వేగం ఇంకా తగ్గుతుంది. కొలతలో రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ అయితే రెండు నెలల చరిత్ర తుడిచిపెట్టుకుపోతుంది. త్రాసు దగ్గర ఈ ఇబ్బంది తక్కువ, అంకె తెర మీద అందరికీ కనిపిస్తుంది. బల్ల దగ్గర అంకెను మనిషి చదవాలి. పై నుంచి వంగి చూస్తే ఒక అంకె, పక్క నుంచి చూస్తే ఇంకో అంకె.

రిజిస్టరు చూస్తే చాలు, కొలిచారో లేదో నాకు తెలిసిపోయేది. ఇది పెద్ద విద్యేమీ కాదు, ఎవరైనా చేయొచ్చు. చివరి అంకెలు చూడండి. నిజంగా మిల్లీమీటర్ల దాకా చదివితే సున్నా నుంచి తొమ్మిది దాకా అన్ని అంకెలూ దాదాపు సమానంగా రావాలి. ఒక పేజీలో ఉన్నవన్నీ 80, 82.5, 85, 78, 81.5 అయితే అక్కడ బల్ల వాడలేదు, లేదా వాడినా చదవలేదు. పెద్ద సర్వేలు చేసేవారు తమ లెక్కల నాణ్యతను పరీక్షించుకునేది కూడా ఇలాగే. ఇంకో గుర్తు ఉంది, అది మరీ విచిత్రం. జూన్‌లో 82 సెంటీమీటర్లున్న బిడ్డ జులైలో 80.5, ఆగస్టులో 83. బిడ్డ చిక్కిపోవచ్చు గానీ కురచ కాదు. రెండేళ్లు నిండి, పడుకోబెట్టడం నుంచి నిలబెట్టడానికి మారిన నెలలో 0.7 తగ్గితే అర్థముంది. మిగతా ఏ నెలలోనైనా పొడవు తగ్గిందంటే రాసిన చేతిని అడగాలి. ఆ తగ్గిన అంకెను యాప్ మౌనంగా మింగేస్తుంటే యాప్‌నూ అడగాలి.

ఇదంతా టీచర్ల బద్ధకం అని కొట్టిపారేసేవారంటే నాకు ఒళ్లు మండుతుంది. ఒక టీచరు పొద్దున ప్రీస్కూలు నడపాలి, మధ్యాహ్నం భోజనం వండించాలి, గర్భిణులకూ బాలింతలకూ పెట్టాలి, పిల్లల పోషకాహార పొడి బాలామృతం పంచాలి, రిజిస్టర్లు రాయాలి, ఫోనులో ఫొటోలు ఎక్కించాలి. ఆయా పోస్టు ఖాళీగా ఉన్న కేంద్రంలో బల్ల తల వైపు ఎవరు పట్టుకుంటారు? ఇంత పని మధ్య కూడా చక్కగా కొలిచినవారిని నేను చూశాను. అలా కొలిచి, తీవ్రమైన లోటుతో ఎర్ర రంగులో పడ్డ పిల్లలను నిజాయితీగా చూపినవారికి ఏం జరిగిందో కూడా చూశాను. సమీక్ష సమావేశంలో ఒక అధికారి లేచి, 'మీ కేంద్రంలోనే ఇంతమంది ఎందుకున్నారు' అని నిలదీశారు. పక్క కేంద్రంలో ఒక్కరూ లేరట. పక్క కేంద్రంలో పిల్లలు బాగున్నారో, బల్ల బస్తాల వెనక ఉందో ఆయన అడగలేదు. మరుసటి నెల నుంచి ఆ మొదటి కేంద్రంలో కూడా ఎర్ర రంగు తగ్గిపోయింది. పిల్లలు అదే బరువు, అదే ఎత్తు.

మాలో మాకు సామ్ పిల్లలు, మామ్ పిల్లలు అనడం అలవాటు. సామ్ అంటే తీవ్రంగా చిక్కిపోయినవారు, మామ్ అంటే ఒక మోస్తరుగా చిక్కిపోయినవారు. కేంద్రంలో ఈ రెండు లెక్కలూ ముఖ్యంగా ఎత్తుకు తగ్గ బరువు మీద నిలబడతాయి. ఎత్తు తప్పయితే సామ్ లెక్క కూడా తప్పే. బిడ్డను ఉన్నదానికంటే రెండు సెంటీమీటర్లు పొడుగ్గా రాస్తే బాగున్న బిడ్డ చిక్కినట్టు తేలి, తల్లి పని మానుకుని ఆస్పత్రి చుట్టూ తిరుగుతుంది. రెండు సెంటీమీటర్లు పొట్టిగా రాస్తే చిక్కిన బిడ్డ పచ్చ రంగులో దాక్కుంటుంది. 'గిడసబారిన బిడ్డకు ఇప్పుడు చేసేదేముంది, రెండేళ్లు దాటాక ఎలాగూ పొడవు పెద్దగా రాదు, చావుకు దగ్గరగా ఉన్న చిక్కిన బిడ్డలను చూసుకుంటే చాలు' అని వాదించే వైద్యులున్నారు. వారి మాటలో సగం న్యాయముంది. తీవ్రంగా చిక్కిన బిడ్డకు ప్రాణగండం మిగతా పిల్లల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, ముందు చూడాల్సింది ఆ బిడ్డనే. కానీ ఆ చిక్కిన బిడ్డను పట్టుకోవడానికి కూడా ఎత్తు కావాలి కదా! పైగా రెండేళ్లలోపు పొడవు మందగించడం కనబడితే ఇంకా సమయం ఉన్నట్టే. రెండేళ్ల తర్వాత కనబడితే ఆ బిడ్డకు కాకపోయినా కడుపులో ఉన్న తమ్ముడికో చెల్లికో పనికొస్తుంది. ఒక వీధిలో పిల్లలంతా గిడసబారితే ఆ వీధి బోరు నీళ్లు, మరుగుదొడ్లు, కాన్పుల మధ్య ఎడం చూడాలి. ఆ పని బాలామృతం ప్యాకెట్టు చేయలేదు.

వయసు సంగతి ఒకటి చెప్పాలి. పొడవు సరిగ్గా చూసి వయసు తప్పు వేస్తే మొత్తం పోయినట్టే. పుట్టిన తేదీ కాగితం ఉన్నచోట ఇబ్బంది లేదు. మెళియాపుట్టి, మందస కొండ ఊళ్లలో, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిపోయిన సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు, ఇంట్లోనే కాన్పయిన పిల్లల విషయంలో తేదీని తల్లి జ్ఞాపకంలోంచే తీయాలి. 'ఎప్పుడు పుట్టాడమ్మా' అంటే 'రెండేళ్లుంటాయి' అంటుంది. అలా అడగకూడదు. గిరిజనుల కందికొత్తల పండుగకు పుట్టాడా, అప్పటికి కడుపులో ఉన్నాడా? వరి నాట్లప్పుడా, కోతలప్పుడా? గులాబ్ తుపానుకు ఒళ్లో ఉన్నాడా? అది కళింగపట్నం దగ్గర తీరం దాటింది 2021 సెప్టెంబరు 26న, కాబట్టి తేదీ దొరికినట్టే. విజయనగరం చుట్టుపక్కలైతే పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం. దసరా తర్వాత వచ్చే మంగళవారం గనుక ఏ ఏడాదిదైనా క్యాలెండరులో వేలు పెట్టి చూపొచ్చు. 'సిరిమానుకు పురిటి మంచం మీద ఉన్నాను' అన్న తల్లి మాట నాకు చాలా కాగితాల కంటే నమ్మకం.

చేతి చుట్టుకొలత టేపు గురించి ఎక్కువ చెప్పను, అది మంచి సాధనం. ఆరు నెలలు నిండినప్పటి నుంచి అయిదేళ్లలోపు బిడ్డ ఎడమ చేయి భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యలో కొలిస్తే 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉన్నవారు తీవ్రంగా చిక్కినట్టు, 12.5 లోపు ఉన్నవారు జాగ్రత్తగా చూడాల్సినవారు. వయసు తెలియకపోయినా పనిచేస్తుంది, ఆశా కార్యకర్త సంచిలో పట్టేస్తుంది. అయితే టేపు పట్టుకున్న పిల్లలూ, ఎత్తూ బరువూ పట్టుకున్న పిల్లలూ ఎప్పుడూ ఒకరే కారు. ఒకటుంటే రెండోది అక్కర్లేదనుకోవడం పొరపాటు. పాదాల వాపు కూడా అంతే. రెండు పాదాల మీదా బొటనవేలితో మూడు సెకన్లు నొక్కి తీస్తే గుంట అలాగే నిలిచిపోతే ఆ బిడ్డ బరువు ఎంతున్నా, ఏ రంగులో ఉన్నా, ఆ రోజే ఆస్పత్రికి పంపాలి. అలాంటి బిడ్డ ముఖం కూడా ఉబ్బి ఉండొచ్చు. ఇంట్లోవారు 'ఒళ్లు చేశాడు' అని సంబరపడతారు. త్రాసు కూడా నీటిని బరువుగానే చూపుతుంది.

రక్తహీనతను బల్లా చూపదు, త్రాసూ చూపదు. అదే సర్వేలో మన రాష్ట్రపు పిల్లల్లో నూటికి 63 మందికి రక్తం తక్కువగా ఉందని తేలింది. అది వేరే వ్యాసానికి సరిపడే కథ.

కొలిచిన అంకె ఎవరిది? నా వాదన చివరికి ఇక్కడికే వస్తుంది. ఇప్పుడు ఆ అంకె కేంద్రం నుంచి పైకి పోతోంది. సెక్టారుకు, ప్రాజెక్టుకు, జిల్లాకు, ఢిల్లీకి. తల్లి చేతిలోని తల్లీబిడ్డల కార్డులో ఎదుగుదల పట్టిక ఉన్న పేజీ మాత్రం చాలా ఇళ్లలో ఖాళీగా ఉంటుంది. టీకాల పేజీ చక్కగా నిండి ఉంటుంది, ఎందుకంటే టీకాలు వేసే నర్సు, అంటే ఏఎన్ఎం, తల్లి ముందే రాసిస్తారు. పలాస జీడి పరిశ్రమలో గింజలు ఒలిచే ఒక తల్లికి ఆ పేజీలో మూడు చుక్కలు పెట్టి, గీత గీసి చూపాను. మొదటి రెండు చుక్కలు పైకి ఎక్కాయి, మూడోది అడ్డంగా పోయింది. ఆమె పెద్దగా చదువుకోలేదు. గీతను మాత్రం వెంటనే చదివేసింది: "ఈ నెలలోనే గదండీ నేను మళ్లీ పనిలో చేరాను. అప్పటి నుంచి మా అత్తే చూస్తోంది." కారణం ఆమె నోటి నుంచే వచ్చింది. తర్వాత అత్తగారిని పిలిపించి మాట్లాడాం. ఆవిడ బిడ్డను పస్తులు పెట్టలేదు. చోడి (రాగి) అంబలి పలచగా కాచి, గ్లాసు నిండా తాగించేది. బిడ్డ పొట్ట చిన్నది, నీళ్లతో నిండిపోయేది. అంబలిని గరిటెజారుగా కాచి, చెంచాడు నూనె వేసి, కేంద్రంలో ఇచ్చిన గుడ్డును బిడ్డకే పెట్టమని, ఇంట్లో ఉన్న ఎండు నెత్తళ్లను వేయించి పొడి చేసి అన్నంలో కలపమని చెప్పాం. మునగాకు గురించి చెబితే ఆవిడే మాకు నాలుగు వంటలు చెప్పింది. జీడిపప్పు మాట ఎవరూ ఎత్తలేదు. రోజంతా ఒలిచేది అదే అయినా ఆ ఇంట్లో దాన్ని తినే అలవాటు లేదు, కొనే స్తోమత అంతకంటే లేదు.

పొడవు పెంచే తిండి ఫలానా అని ఏదీ లేదు. డబ్బాల్లో అమ్మే పొడుల ప్రకటనలు చూసి చీటీల డబ్బు తగలేసుకునే తల్లులను చూస్తే బాధేస్తుంది. ఆరు నెలలు నిండగానే తల్లిపాలతో పాటు చిక్కటి తిండి, రోజూ ఒక గుడ్డో పప్పో చేపో పాలో, చేతులు కడిగి పెట్టడం, విరేచనాలైతే తిండి ఆపకపోవడం, జబ్బు తగ్గాక రెండు వారాలు ఒక పూట ఎక్కువ పెట్టడం. దేశం మొత్తం మీద ఆరు నుంచి ఇరవై మూడు నెలల పిల్లల్లో తగినంత ఆహారం అందుతున్నవారు నూటికి 11 మందే అని అదే సర్వే చెప్పింది. సరిగ్గా పొడవు పెరగాల్సిన నెలల్లోనే ఈ పరిస్థితి ఉంది.

ఇంకా ఉద్యోగంలో ఉన్న సూపర్‌వైజర్లకు ఒక్క పని చెబుతాను, దీనికి జీవో అక్కర్లేదు. నెలకు ఒక కేంద్రం ఎంచుకుని, ముందు చెప్పకుండా వెళ్లి, టీచరు కొలిచిన పదిమంది పిల్లలను ఆవిడ అంకెలు చూడకుండా మళ్లీ మీరు కొలవండి. ఆయా లేకపోతే తల వైపు మీరే కూర్చోండి. రెండు కొలతలకు అర సెంటీమీటరు కంటే ఎక్కువ తేడా వస్తే ఇద్దరూ కలిసి మూడోసారి చూడండి. ఆ పదిమందిలో అప్పటిదాకా పచ్చ రంగులో ఉన్న బిడ్డ ఎర్ర రంగులోకి వస్తే, ముందు ఆ బిడ్డ ఇంటికి వెళ్లండి. టీచరుకు మెమో మాత్రం ఇవ్వకండి.